ఆరు నిమిషాల తమ్ముడు

నేను తీసిన బొమ్మల సినిమా ఆరు నిమిషాలు. అందులో మాటలు తక్కువ, నవ్వులు ఎక్కువ. చూసినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతారు: "ఆ కుర్రాణ్ని ఎలా ఊహించారండీ?" ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఊహా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ కుర్రాడు నా తమ్ముడు.

వాడికి ఇరవై ఐదేళ్లు. మనిషి ఆరడుగులు దాటాడు గానీ, ఆ పొడుగును ఏం చేసుకోవాలో వాడికి ఎవరూ చెప్పలేదు. అక్కర్లేని గుమ్మాల దగ్గర వంగుతాడు, వంగాల్సిన చోట మరిచిపోయి తల కొట్టుకుంటాడు. పదమూడో ఏట మా మేనత్త వాడికి 'నిచ్చెన' అని పేరు పెడితే, వారం తిరక్కుండా వీధి వీధంతా అదే పేరు. ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు చేతులు బయల్దేరతాయి. మాట వచ్చేసరికి ఆ చేతులు వెనక్కి వెళ్లిపోయి ఉంటాయి. ఫోన్లో "హలో" అంటాడు. అవతలివాళ్లు "హలో" అంటే మళ్లీ "హలో" అంటాడు. సంభాషణ అక్కడే చతికిలబడుతుంది.

అంతమాత్రాన వాడు మొద్దు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నా సినిమా చూసినవాళ్లు అలాగే అనుకున్నారు. వాడు ఒక కళ్లజోళ్ల దుకాణంలో వెనకగదిలో పనిచేసేవాడు. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచులు నున్నగా చేసి, అద్దం నడిబిందువు సరిగ్గా కంటిపాపకు ఎదురుగా వచ్చేలా బిగించాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకు తలనొప్పే. ఆరేళ్లలో వాడు బిగించిన జోడు ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ గదిలో వాడి చేతులు ఏనాడూ తడబడలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చాకే గొడవంతా.

దుకాణంలో ముందు కౌంటరు చూసుకునే పెద్దమనిషి మూడు నెలల్లో మానేస్తున్నాడని తెలిసింది. ఓనరు వెనకగదికి వచ్చి తమ్ముడితో అన్నాడట: "నీ పనికి వంకపెట్టేది లేదు. మనుషులతో మాట్లాడ్డం ఒక్కటి నేర్చుకో, ఆ కౌంటరు నీదే. లేదంటే బయటనుంచి ఇంకొకర్ని తెచ్చుకోవాలి."

ఆ సాయంత్రం తమ్ముడు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా అని కాసేపు, ఎక్కడ కూర్చోవాలా అని కాసేపు. చివరికి నిలబడే చెప్పాడు.

"అక్కా, నన్ను వీడియో తీస్తావా?"

"ఎందుకురా, హీరోగా ఛాన్సు వచ్చిందా?"

"కాదు. నేను మాట్లాడేటప్పుడు ఎక్కడ తేడా ఉందో నాకు కనబడదు కదా. నువ్వు బొమ్మలేసేదానివి, నీకు కనబడుతుంది. తీసి చూపించు. ఒక్కోటీ సరిచేసుకుంటా."

"ఆ కౌంటరు లేకపోతే ఏమైందిరా? వెనకగదిలో రాజాలా ఉన్నావు."

వాడు చొక్కా చివర పట్టుకుని మెలిపెడుతూ అన్నాడు: "ఆరేళ్లుగా అద్దాలు చేస్తున్నానక్కా. అవి పెట్టుకోగానే వాళ్ల మొహం ఎలా మారుతుందో ఒక్కసారి కూడా చూళ్లేదు."

సరేనన్నాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఎవరికీ చూపించకు," అన్నాడు. "ఎవరికి చూపిస్తానురా, నాకింకేం పన్లేదా?" అని కసిరాను కూడా.

మర్నాటి నుంచి సాయంత్రం టీ అయ్యాక మా హాలు దుకాణమైపోయేది. ఇస్త్రీ బల్ల కౌంటరు. ఇంట్లో ఉన్న పాత కళ్లజోళ్లన్నీ దాని మీద వరసగా పెట్టేవాడు. అమ్మ కస్టమరు. ఆవిడ ఆ వేషంలో మరీ లీనమైపోయింది.

"ఇది ఎబ్బెట్టుగా ఉంది. ఇంకోటి చూపించు. ఇదీ బాలేదు. పక్క షాపులో ఇంతకన్నా మంచివి ఉన్నాయంట."

"అమ్మా, కాస్త మంచి కస్టమరువి అవ్వొచ్చు కదా!"

"మంచి కస్టమర్లు ఎక్కడుంటార్రా? నేను ఏ షాపుకెళ్లినా ఇలాగే ఉంటా."

ముగ్గురం నవ్వుకునేవాళ్లం. నేను ఫోన్లో తీసి వాడికీ పంపేదాన్ని, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూసేవాళ్లం, నేను తప్పులు చెప్పేదాన్ని, వాడు చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. మా ఇద్దరికీ ఊహ తెలిశాక అంత దగ్గరగా కూర్చున్నది ఆ రోజుల్లోనే.

ఇక నా సంగతి. నేను పనిచేసేది ఐదుగురున్న చిన్న యానిమేషన్ స్టూడియో. మాకు వచ్చేవన్నీ ప్రకటనలు. పళ్లల్లో పురుగులు, బాత్రూముల్లో క్రిములు. క్రిములకు కాళ్లూ చేతులూ గీయడంలోనే నా వయసు సగం గడిచింది. ఏడాదికి ఒక్కరికి మాత్రం మా పెద్దాయన సొంత సినిమా చేసుకునే అవకాశం ఇస్తాడు. దాన్ని స్టూడియో పేరుతో పోటీకి పంపుతాం. ఎనిమిదేళ్లు ఎదురుచూస్తే నా వంతు వచ్చింది. బిడియస్తుడైన ఒక కుర్రాడు ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆఫీసు గుమ్మం నుంచి తన కుర్చీ దాకా చేరుకోవడమే నా కథ. కథ తమ్ముడిదని అప్పటికి నాకు తెలియదు, ప్రమాణం చేసి చెబుతాను. ఆ తర్వాత జరిగిన వాటికి మాత్రం ప్రమాణం చేయలేను.

మొదట గీసినవి చూసి పెద్దాయన పెదవి విరిచాడు. "నీ హీరో బట్టల షాపు ముందు నిలబెట్టిన బొమ్మలా ఉన్నాడమ్మా. వీడికి బిడియమని నువ్వు చెబితే తెలుస్తోంది. చూస్తే తెలియట్లేదు."

మా పనిలో ఏ కదలికా ఉత్తినే బుర్రలోంచి రాదు. ఎవరో ఒకరు ఆ పని చేస్తుంటే వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ, అంటే అందులో ఒక్కో బొమ్మా, ఆపి చూసి, దాన్ని బట్టి గీస్తాం. దాన్నే రెఫరెన్స్ అంటాం. మామూలుగా మాకు మేమే చేసుకుంటాం. క్రిముల కోసం నేను బాత్రూములో గంతులు వేసిన వీడియోలు కూడా ఉన్నాయి. ఆ రోజు ఫోన్ చేతిలోనే ఉంది. అందులో తమ్ముడున్నాడు. కాస్త చూద్దామనే తెరిచాను. ఏ దొంగతనమైనా అలాగే మొదలవుతుందనుకుంటాను.

తెర మీద ఒక సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. మామూలు మనిషి ఒక్కో అడుగుకు పన్నెండు. తమ్ముడి ఎడమకాలు పన్నెండు బొమ్మల్లో పడుతోంది, కుడికాలు పద్నాలుగులో. ఆ రెండు బొమ్మల సేపు కుడికాలు గాల్లో ఆగి, నేల ఒప్పుకుంటుందో లేదో అని చూస్తుంది. పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఆ సంగతి కనిపెట్టలేదు. తోడబుట్టినదానికి అది చూసి కడుపు తరుక్కుపోవాలి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

సాయంత్రానికి ఆ నడక గీసి ఆడించాను. నలుగురూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడి పగలబడి నవ్వారు. ఎనిమిదేళ్లలో నా డెస్కు దగ్గర జనం పోగవడం అదే మొదలు. "ఎవరిదమ్మా ఈ నడక?" అని పెద్దాయన అడిగాడు. "ఎవరిదీ కాదు సార్. ఊహించాను," అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ తర్వాత ఇంట్లో వీడియోలు తీస్తున్నది ఎవరికోసమో నాకు తెలుసు. తమ్ముడికి తెలియదు. ఏ మూలనుంచి తీస్తే చేతులు బాగా కనబడతాయో చూసుకునేదాన్ని. వాడు నీళ్లగ్లాసు అందుకోబోయి తడబడితే లోపల సంతోషం. ఆ తడబాటు మర్నాడు తెర మీద ఉండేది.

ఇంతవరకూ చేసింది చెప్పుకోవడానికి సిగ్గే గానీ, చెప్పుకోగలను. చెప్పుకోలేనిది ఐదో వారంలో జరిగింది.

ఆ సాయంత్రం తమ్ముడు ఇస్త్రీ బల్ల వెనక నిలబడి, "రండి, కూర్చోండి. ఇప్పుడు వాడుతున్న జోడు ఒకసారి ఇస్తారా?" అన్నాడు. చేతులు పైకి లేవలేదు. మాట ఆగలేదు. అమ్మ ముక్కు మీద జోడు పెట్టి, చెవి దగ్గర పుల్ల సవరించి, అద్దం చూపించాడు. "బరువుగా ఉంటే చెప్పండి, సర్దుతాను," అని చిరునవ్వు నవ్వాడు. అమ్మ తన వేషం మరిచిపోయింది. "ఇదే ఇచ్చెయ్యి బాబూ," అంది. ఆ 'బాబూ' ఎవరో కొత్తమనిషితో అన్నట్టుంది. తర్వాత అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తమ్ముడు నావైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "ఎలా ఉందక్కా?"

నా సినిమాలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇంకా మిగిలే ఉంది. కుర్రాడు కుర్చీ దాకా వచ్చి, కూర్చోబోయి, కూర్చోలేక, పక్కవాళ్లను పలకరించలేక పడే అవస్థ. ఒకటిన్నర నిమిషం. దానికి చేతులు కావాలి. ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి దగ్గర నాకు కావలసిన చేతులు లేవు.

"పర్లేదు గానీ," అన్నాను, "ఇందులో నువ్వు లేవురా. బట్టీపట్టి అప్పజెప్పినట్టుంది. మొదట్లో చేసినట్టు చెయ్యి. చేతులు ఎటు పోతే అటు పోనీ. అదే సహజంగా ఉంది."

"బాగానే చెప్పాడు కదే!" అంది అమ్మ.

"నీకు తెలీదమ్మా. ఇది నా పని."

తమ్ముడి మొహంలో వెలుగు అలాగే ఉండి, మెల్లగా తగ్గింది. చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నేను చూడలేదు. "సరే అక్కా, మళ్లీ మొదట్నుంచి చేస్తా," అన్నాడు. నేను ఫోన్ పైకెత్తాను.

ఇంకో నాలుగు వారాలు తీశాను. తడబాటు తిరిగి వచ్చింది, ఈసారి వడ్డీతో సహా. ఎందుకంటే ఇప్పుడు వాడికి ఏది తనదో, ఏది కాదో తెలియడం లేదు. నాకు కావలసినదానికన్నా ఎక్కువే దొరికింది. కుర్చీ ఘట్టం అద్భుతంగా వచ్చింది.

ఓనరు వాణ్ని ఒక పూట కౌంటరు దగ్గర నిలబెట్టి చూశాడు. ఎవరో పెద్దావిడ వచ్చింది. ఆవిడకు అద్దం అందించబోయి తమ్ముడు ఫ్రేముల ట్రే మొత్తం నేల మీద బోర్లించాడు. ఏరబోయి ఆవిడ చెప్పు తొక్కాడు. క్షమించమని అడగబోతే మాట రాలేదు. మధ్యాహ్నానికి వెనకగదికి వెళ్లిపోయాడు. మర్నాడు బయటనుంచి ఎవరో వచ్చి కౌంటరులో కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినట్టే సహజంగా ఉన్నానక్కా. కుదర్లేదు," అన్నాడు ఇంటికొచ్చి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "పోన్లేరా, ఇంకో అవకాశం రాకపోదు," అని నా గదిలోకి వెళ్లి రంగులు వేసే పని కొనసాగించాను. ఆ రోజు వేసిన రంగులు చక్కగా కుదిరాయి. అబద్ధమెందుకు ఆడాలి?

సినిమాకు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఇచ్చే రోజు హాల్లో అందరికీ చూపిస్తారు. ఇంటివాళ్లను తీసుకురాకుండా ఉండటానికి నా దగ్గరున్న సాకులన్నీ అయిపోయాయి. తమ్ముడు కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుని, నాకూ అమ్మకూ నడుమ కూర్చున్నాడు. "మా అక్క సినిమా," అని పక్కసీటు ఆయనకు తనంతట తనే చెప్పాడు. తనంతట తను కొత్తమనిషితో మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు.

తెర మీద కుర్రాడు మొదటి అడుగు వేయగానే హాలంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. రెండో నిమిషంలోనూ నవ్వాడు. చేతుల దగ్గరకు వచ్చేసరికి వాడి నవ్వు ఆగింది. ఒడిలో ఉన్న తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత వాటిని తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. సినిమా అయ్యేదాకా బయటికి తీయలేదు. చప్పట్లు కొట్టడానికి కూడా తీయలేదు. అమ్మ వాడి వెనకనుంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. ప్రేమగా పట్టుకుందనుకున్నాను. ఆవిడ గోళ్లు దిగాకే అర్థమైంది.

"బాగుందక్కా," అన్నాడు బయటికొచ్చాక. అంతే. బస్టాపు వంద అడుగులుంటుంది. ఆ వంద అడుగులు ఎలా నడవాలో వాడికి తెలియలేదు. నాలుగడుగులు వేసి ఆగేవాడు, కాళ్లు చూసుకునేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. నేను బహుమతి మోసుకుంటూ వెనక నడిచాను.

తర్వాత సినిమాను నెట్లో పెట్టారు. లక్షలమంది చూశారు. మేనత్త ఫోన్ చేసి, "మన నిచ్చెనను భలే దింపావే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. వాడు కాదన్నాను. "నాకు కళ్లు లేవా?" అంది. దుకాణం ఓనరుకూ కళ్లున్నాయి. వారం తిరక్కుండా తమ్ముణ్ని వెనకగదిలోంచి పిలిచి కౌంటరులో కూర్చోబెట్టాడు. బయటనుంచి వచ్చినాయన పక్కకు జరిగాడు. నేను గీసిన కుర్రాడి బొమ్మను గాజు తలుపు మీద నిలువెత్తున అంటించారు. అనుమతి ఇచ్చింది మా పెద్దాయనే. నన్ను అడగలేదు. అడిగినా వద్దనేదాన్నని చెప్పలేను.

అలా తమ్ముడికి కౌంటరు దక్కింది.

ఇంట్లో వాడు నాతో దెబ్బలాడలేదు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అన్నం తినేవాడు, పడుకునేవాడు. అమ్మ మాత్రం నాతో మాట్లాడ్డం బాగా తగ్గించేసింది. రెండు నెలలు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. క్షమించమని అడుగుదామని. ఏం మాట్లాడాలో దారిపొడుగునా వల్లెవేసుకున్నాను.

గాజు తలుపు అవతల ఒక కుటుంబం ఉంది. తమ్ముడు అల్మరా దగ్గరనుంచి వాళ్ల దగ్గరకు నడిచి వస్తున్నాడు, నా సినిమాలో నడక నడుస్తూ. చేతులు ముందుకు వచ్చి వెనక్కి వెళ్తున్నాయి. కళ్లజోడు జారవిడిచి, మోకాలితో తన్ని, గాల్లో పట్టుకున్నాడు. వాళ్లు విరగబడి నవ్వుతున్నారు, ఒకాయన ఫోన్లో తీస్తున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో సరిగ్గా చెబుతాను: వాడు ఆలస్యం చేస్తున్నది ఎడమకాలు. అద్దంలో చూసుకుని నేర్చుకున్నట్టున్నాడు, కాలు మారిపోయింది. తమ్ముడు తమ్ముడిలా నటిస్తున్నాడు, అదీ తప్పుగా. ఆ క్షణంలో కూడా నా కంటికి ముందు ఆనింది ఆ తప్పే.

నన్ను చూసి వెనకగదిలోకి రమ్మని సైగ చేశాడు. అరగదీసే యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. తను స్టూలు మీద కూర్చుని, నాకు కుర్చీ చూపించాడు.

"ఒరేయ్, ఆ సినిమా..." అని మొదలుపెట్టాను. "నీకు చెప్పకుండా తీశాను. ఎవరికీ చూపించనని మాటిచ్చి..."

"సినిమాకేంలే అక్కా," అన్నాడు. చేతులు ఒడిలో కదలకుండా ఉన్నాయి. మాట ఎక్కడా ఆగడం లేదు. "కొన్నాళ్లు కోపం వచ్చింది, పోయింది. నిన్ను ఒకటి అడగాలనుకుంటున్నా. నువ్వు పంపిన వీడియోలన్నీ నా ఫోన్లో ఉండేవి. మొన్న ఆదివారం కూర్చుని వరసగా చూశా. ఇరవై మూడో దాంట్లో నేను బాగా మాట్లాడాను. అమ్మ ఏడ్చింది చూడు, అది. బాగా అంటే బాగానే. ఇప్పుడు రోజంతా కౌంటరులో ఉంటున్నా కాబట్టి నాకు తెలుస్తోంది. ఆ మనిషి ఆ రోజే ఆ కౌంటరులో కూర్చోవాల్సినవాడు."

నేను కుర్చీ అంచుకు జరిగాను.

"నువ్వు మళ్లీ మొదట్లోలా చెయ్యమన్నావు. ఎందుకక్కా?"

సినిమా గురించి దారిపొడుగునా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ దీనికి పనికి రాలేదు. నిజం నోటిదాకా వచ్చింది. నాకు నీ చేతులు కావలసి వచ్చాయిరా, అంతే. లెక్కపెడితే ఆరు మాటలు.

"నాకు గుర్తులేదురా," అన్నాను.

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నిజం చెబుతానేమోనని ఇంకో అవకాశం ఇస్తున్నట్టు చూశాడు. నేను యంత్రం మీద కప్పిన గుడ్డకేసి చూస్తూ కూర్చున్నాను.

"సరే," అన్నాడు లేస్తూ. "ఒక్క పని చెయ్యి. ఆ వీడియోలు తీసెయ్యి. నా ఫోన్లోవి నేను తీసేశా. నీ దగ్గరవి కూడా లేకపోతే, అప్పుడు నేను ఎలా ఉండేవాణ్నో మెల్లగా నేనే గుర్తుతెచ్చుకుంటా."

ముందు గదిలో తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో పిల్ల "అదిగో, ఆ సినిమా అంకుల్!" అంటోంది. తమ్ముడు చొక్కా సర్దుకున్నాడు. తలుపు తీయబోతూ నావైపు తిరిగాడు.

"తీసేస్తావు కదా?"

"ఇవాళే తీసేస్తానురా," అన్నాను.

అది జరిగి మూడు నెలలు. సినిమాకు రెండో భాగం చేయమని పెద్దాయన అడిగితే ఒప్పుకున్నాను. ఈసారి కుర్రాడు మనుషులతో మాట్లాడ్డం నేర్చుకుంటాడు. ఇరవై మూడో వీడియో నా ఎదురుగా తెర మీద ఆగి ఉంది. ఒక్కో ఫ్రేమూ చూసుకుంటూ గీస్తున్నాను.